ఏడాది బియ్యమా, నెలకో బస్తానా?

సంక్రాంతి దగ్గరపడితే చాలు, మా చుట్టాల్లో, పక్కింటివాళ్లలో అదే ప్రశ్న మొదలవుతుంది. "ఈసారి ఏడాదికి సరిపడా బియ్యం వేసుకుందామా, ఎప్పట్లాగే నెలకో బస్తా తెచ్చుకుందామా?" ఊళ్లో పొలం ఉన్నవాళ్లకు ఈ గొడవ లేదు. హన్మకొండలోనో కాజీపేటలోనో కిరాయికి ఉంటూ ప్రతి గింజా కొనుక్కునేవాళ్లకే ఈ లెక్క. ఏది మేలని అడిగితే ముందు నేనడిగేది వేరే ఉంది. కొనే పైసలు ఎక్కడివి?

ఎందుకంటే లాభం ఉన్నమాట నిజమే గానీ, అది మనం అనుకున్నంత లావుగా ఉండదు. నలుగురున్న ఇంటికి నెలకు 25 కిలోలు, ఏడాదికి మూడు క్వింటాళ్లు అనుకుందాం. జనవరిలో సన్న బియ్యం, అదీ కొత్తవి, కిలో 48 రూపాయలకు దొరికాయనుకోండి. నెలనెలా కొనేవాళ్లకు ధర మెల్లగా పెరుగుతూ పోయి, ఏడాది మొత్తం మీద సగటున 54 పడిందనుకోండి. కిలోకు ఆరు రూపాయల తేడా, మూడు క్వింటాళ్లకు 1800. ఈ ధరలు లెక్క కోసం వేసుకున్నవి, మీ దుకాణం ధరలు పెట్టి మీరే వేసుకోండి. పద్ధతి మాత్రం ఇదే.

ఇప్పుడు ఆ 14,400 రూపాయలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చారనుకోండి. నెలకు 1200 చొప్పున అసలు తీరుస్తూ పోతే, మొదటి నెల మిత్తి 288, ఆఖరి నెల 24. మొత్తం కలిపితే 1872. అంటే బియ్యంలో మిగిలిన 1800 పోను, ఇంకో 72 రూపాయలు మన జేబులోంచే. ఇంత కష్టపడి బస్తాలు మోయించి, పురుగు పట్టకుండా కాపలా కాసింది అప్పిచ్చినాయన కోసమన్నమాట. బంగారం కుదువపెట్టి బ్యాంకులో తెచ్చిన అప్పయితే మిత్తి ఇంత ఉండదు, కొంత మిగులుతుంది. అయినా బియ్యం కోసం బంగారం పెట్టడం నాకు నచ్చదు.

చిట్టి ఎత్తుకున్న పైసలో, బోనస్సో, ఊరి నుంచి వచ్చిన కౌలు డబ్బులో చేతిలో ఉంటే అప్పుడు మాట వేరు. ఆ పైసలు ఎట్లాగూ ఏదో ఒక దాంట్లో కరిగిపోయేవే. అవి బస్తాల రూపంలో మూలన కూర్చుంటే ఏడాదంతా తిండికి ఢోకా ఉండదు. అందుకే సొంత పైసలుంటే ఏడాది బియ్యానికే నా ఓటు.

నేనైతే ఇంకో అడుగు ముందుకేసి, బియ్యం కాదు వడ్లే కొని పట్టించుకోమంటాను. 2025-26 సీజన్‌కు ఏ-గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2389 రూపాయలు. సన్నాలకు తెలంగాణ ప్రభుత్వ బోనస్ 500 కలిపితే 2889. కొనుగోలు కేంద్రంలో ఆ ధర వచ్చే రైతు అంతకన్నా తక్కువకు మనకు ఎందుకిస్తాడు? ఇవ్వమని బేరమాడటం కూడా మర్యాద కాదు. 40 కిలోల సంచి వడ్లు పట్టిస్తే సుమారు 26 కిలోల బియ్యం వస్తాయి. సంచి 1156 రూపాయలు పడితే కిలో బియ్యం 44 రూపాయల చిల్లర. దానికి ఆటో కిరాయి, హమాలీ, మిల్లు కూలీ కలుపుకోండి. కొన్ని మిల్లుల్లో తవుడు, నూకలు వాళ్లే ఉంచుకుని కూలీ తగ్గిస్తారు. బేరం ముందే తేల్చుకోవాలి. నూకలు మాత్రం నేను వదులుకోను. పిండి పట్టిస్తే సర్వపిండికి నెలల తరబడి వస్తుంది.

వడ్లలో చూడాల్సింది తేమ. వెనకట కొడవలితో కోసి, కుప్పేసి, తీరిక చూసుకుని కొట్టేవాళ్లు. గింజ కుప్పలోనే ఆరేది. ఇప్పుడు మిషన్ పొద్దున కోస్తే సాయంత్రానికి వడ్లు ట్రాక్టర్‌లో ఉంటాయి. కొనుగోలు కేంద్రంలోనే 17 శాతం తేమ దాకా తీసుకుంటారు. అదే తేమతో పట్టించి బస్తా కట్టేస్తే నాలుగు నెలలు తిరగకుండానే ముక్కిన వాసన వస్తుంది. నిల్వకు బియ్యంలో తేమ 14 శాతం దాటకూడదు. మన దగ్గర మీటరు ఉండదు కాబట్టి నాలుగు గింజలు తీసి, అరచేతుల మధ్య నలిపి, ఊక ఊదేసి పంటి కింద పెట్టండి. కటుక్కున విరిగితే తీసుకోవచ్చు. పన్ను దిగబడి మెత్తగా చీలితే ఇంకో రెండు ఎండలు కల్లంలో ఉండనివ్వమని రైతునే అడగండి. ఎండబెట్టాల్సింది వడ్లను మాత్రమే. పట్టించిన బియ్యాన్ని డాబా మీద ఎర్రటి ఎండలో పోస్తే గింజ పగిలి నూకలవుతుంది.

ఇంకో సంగతి. ఈమధ్య ఒంటికి మంచిదని అందరూ సింగిల్ పాలిష్ అడుగుతున్నారు. మంచిదే, కానీ ఏడాది నిల్వకు అది పనికిరాదు. అందులో మిగిలే తవుడులో నూనె ఉంటుంది, నిల్వ ఉంటే అది చేదెక్కుతుంది. పురుగుకు కూడా ఆ తవుడే ఇష్టం. సింగిల్ పాలిష్ కావాలంటే నెలకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి.

దాచడానికి మూత గట్టిగా పట్టే డ్రమ్ములు, కింద చెక్క పలక, గోడకు జానెడు దూరం. ఇంతకు మించి రహస్యం లేదు. వేపాకు వేస్తే పూర్తిగా ఎండింది వేయాలి, పచ్చాకు వేస్తే దాని తడే బియ్యానికి చేటు. బోరిక్ పౌడర్ కలిపే అలవాటు ఇంకా చాలా ఇళ్లలో ఉంది. తినే బియ్యంలో అది వద్దు. వానాకాలంలో గోడ చెమ్మగిల్లే ఇల్లయితే ఏడాది బియ్యం ఆలోచనే మానుకోండి. కిరాయి ఇంట్లో ఒకటే గది ఉండి, డ్రమ్ము మీదే పిల్లల పుస్తకాలు పెట్టుకునే పరిస్థితి అయినా అంతే.

కొత్త బియ్యం ముద్దవుతాయని భయపడేవాళ్లు రెండు మూడు నెలలు నీళ్లు తగ్గించి వండుకుంటే సరి. ఎండాకాలం దాటేసరికి అవే పాతబడి పొడిపొడిగా అవుతాయి, అదీ దుకాణంలో పాత బియ్యానికి కట్టే అదనపు ధర లేకుండా. సంక్రాంతి సకినాలకు ఎట్లాగూ కొత్త బియ్యమే బాగుంటాయి.

నెల బస్తాను తీసిపారేయడానికి లేదు. నచ్చకపోతే వచ్చే నెల వేరే రకం తెచ్చుకోవచ్చు. మూడు క్వింటాళ్లు కొన్నాక అన్నం రుచి కుదరకపోతే ఏడాదంతా అదే తినాలి (అందుకే ఏడాదికి కొనేముందు గిద్దెడు తెచ్చి వండి చూడమనేది). నెల బస్తా అయితే ట్రాన్స్‌ఫర్ వచ్చినా సామాను బరువూ ఉండదు. బస్తా ధర పోల్చేటప్పుడు మాత్రం సంచి మీద బరువు చదవండి. 2022 జూలై 18 నుంచి 25 కిలోలు, అంతకన్నా తక్కువ బరువున్న ప్యాక్ చేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చింది. దాంతో 26 కిలోల బస్తాలు పుట్టుకొచ్చాయి. రెండు బస్తాలూ పక్కపక్కన పెట్టి ఒకటి చవకన్నప్పుడు కిలోకు ఎంతో భాగించి చూడాలి. దుకాణంలో ఉద్దెర ఖాతా ఉంటే ఇంకా జాగ్రత్త. ఆ బస్తాలో మిత్తి ముందే కలిసి ఉంటుంది, మనకు కనపడదంతే.

రేషన్ కార్డు ఉన్నవాళ్లకు నా సలహా ఒకటే మాట. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో మనిషికి ఆరు కిలోల సన్న బియ్యం ఉచితంగా వస్తున్నాయి. నలుగురికి 24 కిలోలు, అంటే దాదాపు నెల బస్తా. వాటిని వండుకుని తినండి, ఏడాది బియ్యం ఊసే అక్కర్లేదు. 2025 జూన్‌లో మూడు నెలల కోటా ఒకేసారి ఇచ్చినప్పుడు నలుగురున్న ఇంటికి 72 కిలోలు వచ్చాయి. అట్లాంటప్పుడు డ్రమ్ము సంగతి మీకూ వర్తిస్తుంది.

ఆన్‌లైన్‌లో ఐదు కిలోల ప్యాకెట్లు బ్యాచిలర్లకు. సందుల్లో సగం ధరకు దొరికే రేషన్ బియ్యం కొనకండి, అది నేరం.

ఏడాదికి ఒకేసారి పెట్టే స్తోమత లేక, నెల బస్తాతో విసిగిపోయినవాళ్లు జనవరిలో రెండు బస్తాలు అదనంగా వేసుకుని చూడండి. అవి తినే నెలల్లో కొనక మిగిలే బియ్యం పైసలు పక్కన పెట్టి, ఈసారి పెట్టినంత మళ్లీ కలిపితే, వచ్చే జనవరికి నాలుగు బస్తాలకు అందుతుంది. కొనేది మాత్రం వానాకాలం పంట ఉండగానే, జనవరి దాటకముందే. ఏప్రిల్, మేలో వచ్చే యాసంగి వడ్లు చవకగా దొరికాయని ఆశపడకండి. ఎండకు గింజలో పగుళ్లు పడి, మిల్లులో నూకలు ఎక్కువ రాలుతాయి.