మలంలో కనిపించని రక్తం పరీక్ష: ఎవరు చేయించుకోవాలి, ఎక్కడ బెడిసికొడుతుంది

మలంలో కంటికి కనిపించని రక్తాన్ని బట్టి పెద్దపేగు క్యాన్సర్‌ను ముందే పసిగట్టడానికి చేసే పరీక్ష ఇది. ల్యాబుల్లో ‘స్టూల్ అకల్ట్ బ్లడ్’ అన్న ఒకే పేరు మీద రెండు వేరే పరీక్షలు నడుస్తుంటాయి. పాతది గ్వాయాక్. వేటమాంసం, ముల్లంగి తిన్నా పాజిటివ్ చూపించవచ్చు. విటమిన్ సి మాత్రలు వేసుకుంటే ఉన్న రక్తం కూడా దొరక్కపోవచ్చు. రెండోది ఫిట్ (FIT). మనిషి హిమోగ్లోబిన్‌ను మాత్రమే పడుతుంది, పథ్యం అక్కర్లేదు. డబ్బు కట్టకముందే ‘ఇది ఫిట్టేనా?’ అని అడగండి. గ్వాయాక్ అంటే వేరే ల్యాబు చూసుకోవడం మేలు.

ఫిట్ ట్యూబు మూతకే ఓ సన్నటి పుల్ల బిగించి ఉంటుంది, దాని చివర గాట్లుంటాయి. మలం మీద ఐదారు చోట్ల గుచ్చాలి. రక్తం అంతటా సమానంగా కలిసి ఉండదు, ఒక్కచోటే తీస్తే తప్పిపోతుంది. గాట్లు నిండితే చాలు, ముద్దగా ఎత్తకూడదు. మన నేల మరుగుదొడ్లలో మలం నీళ్లలో పడకముందే కాగితం మీద పట్టాలి. లోపలి ద్రవం ఒలకకూడదు. నెలసరిలోనూ, మొలల నుంచి రక్తం కారుతున్నప్పుడూ శాంపిల్ తీయొద్దు.

తిరుపతిలో అసలు చిక్కు ఎండతోనే. వేడికి హిమోగ్లోబిన్ విరిగిపోతుంది, రక్తం ఉన్నా నెగెటివ్ వస్తుంది. మే నెలలో ట్యూబును బండి డిక్కీలో పెట్టుకుని రేణిగుంట నుంచి ఊళ్లోకి వస్తే ఆ ఫలితాన్ని నమ్మలేం. పొద్దున్నే తీసి నేరుగా ల్యాబుకు ఇవ్వాలి, కుదరకపోతే మూతున్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి, ఫ్రీజర్‌లో కాదు. ద్రవం లేని ఖాళీ డబ్బా ఇచ్చే ల్యాబుల్లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

45 దాటి, ఏ బాధా లేనివాళ్లకు ఇది మంచి పరీక్ష. అమెరికా నిపుణుల బృందం 2021లో ఆ వయసును 50 నుంచి 45కు దించింది. మన ప్రభుత్వ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లే ఉన్నాయి, పెద్దపేగు లేదు. కాబట్టి ఎవరికి వాళ్లే అడిగి చేయించుకోవాలి, అదీ ఏటా. ఒక్కసారితో ఆపేస్తే సుమారు ఐదు క్యాన్సర్లలో ఒకటి దొరకదు.

ముప్పైల్లో ఉండి మలంలో రక్తం కళ్లారా చూసినవాళ్లకు మాత్రం ఈ పరీక్షతో సరిపెట్టమని చెప్పలేం. నెగెటివ్ కాగితం చేతికొస్తే ‘మొలలేలే’ అని మందుల షాపు లేపనంతో నెలలు గడిచిపోతాయి. రక్తం, తగ్గని కడుపునొప్పి, ఆగని విరేచనాలు, ఐరన్ తగ్గి వచ్చిన రక్తహీనత: వీటిలో ఒక్కటున్నా వయసు చూడకుండా గ్యాస్ట్రో డాక్టరును కలవాలి. తండ్రికి 46లో పెద్దపేగు క్యాన్సర్ బయటపడి ఉంటే, కొడుకు 36కే కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) మొదలుపెట్టాలి.

ఫిట్ పాజిటివ్ వస్తే క్యాన్సర్ అని కాదు, కొలనోస్కోపీ తప్పదని. ‘ఇంకోసారి చేసి చూద్దాం’ అని రెండో ట్యూబు కొనడం పెద్ద పొరపాటు, ఆగి ఆగి కారే రక్తం ఆ రోజు లేకపోవచ్చు. రిపోర్టు తీసుకుని తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రిలో గ్యాస్ట్రో ఓపీకి వెళ్లండి. కొలనోస్కోపీకి ముందు పేగు శుభ్రానికి ఇచ్చే పొడి కలిపిన నీళ్లు చెప్పినంతా తాగితేనే లోపల కనిపిస్తుంది.