విదేశీ ట్రాక్టరు, మా బురద, ముందు ఇరుసు సీలు: ఏళ్ల వాడకం తర్వాత

ఏ దేశపు ట్రాక్టరు నాణ్యంగా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను ముందు ఇరుసు సంగతి ఎత్తుకుంటాను. విన్నవారికి విసుగు పుట్టినా సరే, జపాన్ కంపెనీవారు థాయ్‌లాండ్‌లో తయారుచేసిన నాలుగు చక్రాలూ లాగే నా 45 హెచ్‌పీ ఫోర్ వీల్ బండి మీద నాకున్న మమకారమంతా అక్కడే ఉంది. గేర్లు ఎన్ని, లిఫ్టు ఎంత బరువు ఎత్తుతుంది అన్నవి షోరూమువారిచ్చే కాగితంలో ఉంటాయి కనుక వాటి జోలికి పోను. కంపెనీ పేరు కూడా రాయను. ఒక్క బండి మంచిచెడ్డలను కంపెనీ మొత్తానికి అంటగట్టడం నాకు సమ్మతం కాదు.

మాది భీమవరం వైపు నల్లరేగడి. కాలువకు నీరు రాగానే ఊరు ఊరంతా ఒకేసారి దమ్ముకు, అంటే నాటుకు ముందు నీటి మడిని బురదగా కలియదున్నడానికి, దిగుతుంది కాబట్టి ఆ రోజుల్లో బండి ఆగితే ఒకవైపు నారు ముదిరిపోతుంది, మరోవైపు ఒప్పుకున్న అద్దె దమ్ములు చేజారిపోతాయి. మా లోతు మడుల్లో వెనక చక్రాలు మాత్రమే లాగే టూ వీల్ బండ్లు దమ్ము చక్రాలు వేసుకుని కూడా దిగబడిపోయి, మరో బండి వచ్చి గొలుసు కట్టి లాగితే గాని గట్టెక్కేవి కావు. నా బండి బరువు పద్నాలుగు వందల కిలోల లోపే కావడం, ముందు చక్రాలు కూడా లాగడం వల్ల ఆ అవస్థ చాలావరకు తప్పింది.

అంతకన్నా నన్ను ఆకట్టుకున్నది ఇరుసు నిర్మాణం. కొన్ని ఫోర్ వీల్ బండ్లలో ముందు చక్రం మలుపు తిరిగే చోట జాయింటు, దాని మీది రబ్బరు తొడుగు బయటికే కనిపిస్తుంటాయి. బురదలో ఏ మోడో తగిలి ఆ తొడుగు చిరిగిందంటే జాయింటుకు రోజులు దగ్గరపడినట్టే. నా బండిలో ఇంజిను శక్తి బెవెల్ గేర్ల (శక్తిని మూల తిప్పి పంపే పళ్లచక్రాల) మీదుగా చక్రం దాకా వెళుతుంది, ఆ గేర్లన్నీ మూసి ఉన్న పెట్టెలో నూనెలో మునిగి ఉంటాయి, పైగా మెలి తిరగడానికి అడ్డుపడే జాయింటు లేదు కనుక గట్టు వారన వెనక్కీ ముందుకీ వేసుకోకుండానే బండి మడిలో తిరిగి వస్తుంది. ఇదంతా చూసి ఊళ్లోవాళ్లు "ఎంతైనా ఫారిన్ బండి ఫారిన్ బండే" అనేవారు.

ఒక దాళ్వా (రబీ వరి) దమ్ము మధ్యలో ఎడమ ముందు చక్రం లోపలివైపు నూనె తడి కనిపించింది. డ్రెయిన్ బోల్టు విప్పితే పాలు ఎక్కువైన టీ లాంటిది కారింది. అంటే బురదనీరు లోపలికి చేరి, గేర్ల మధ్య నలిగి, నూనెలో పూర్తిగా కలిసిపోయిందన్నమాట. మెకానిక్ హబ్బు (చక్రం నడిమి భాగం) ఊడదీసి, నూనె బయటికి, బురద లోపలికి పోకుండా ఆపే రబ్బరు సీలు పక్క సందులో బిగుసుకుపోయి ఉన్న నైలాను దారాన్ని పట్టకారుతో ఒక్కో పోగే లాగి గట్టు మీద పెట్టాడు. మా చేలను ఆనుకుని చేపల చెరువులున్నాయి. పక్షులు వాలకుండా చెరువుల మీద కట్టే దారాలు తెగి, గాలికి చేలలోకి వచ్చి పడతాయి. యూరియా బస్తాల ప్లాస్టిక్ పోగులు వాటికి తోడు. "బండి తప్పేం లేదండీ, దారం రబ్బరును కోసేసింది. దీనికి జపానూ ఒకటే, పంజాబూ ఒకటే" అన్నాడతను.

తీసిన సీలును చేతిలోకి తీసుకుని చూశాను. ఒకదాని వెనుక ఒకటిగా మూడు రబ్బరు అంచులు, అవి ఒరుసుకోవడానికి లోపల సొంత ఇనుప గాజు. దీన్ని క్యాసెట్ సీలు అంటారు, బురదలో పనిచేసే హబ్బుల కోసమే రూపొందించిన వస్తువు ఇది. దారం మొదటి రెండు అంచులను పూర్తిగా తినేసింది. అసలు సీలు తెప్పించాలంటే వారం పైనే పట్టేలా ఉంది, అవతల రైతులు నీరు పెట్టుకుని కూర్చున్నారు. ఆ పరిస్థితిలో పట్నంలోని ఒక స్పేరు పార్టుల దుకాణంలో "ఒరిజినల్‌తో సమానమండీ" అంటూ మూడోవంతు ధరకు ఇచ్చిన సీలు వేయించాం. కొలత సరిపోయింది, అట్టపెట్టె మీద నంబరూ అదే. అంచు మాత్రం ఒక్కటే. దమ్ములు ముగిసేలోపే డ్రెయిన్ బోల్టు నుంచి మళ్లీ అదే రంగు నూనె కారింది, ఈసారి బేరింగు కూడా పోయింది.

ఆ బేరింగు దగ్గరే నాకు అసలు విషయం తెలిసివచ్చింది. పాడైన దాని మీద జపాన్ అని, కొత్తగా తెచ్చిన అదే కంపెనీ బేరింగు మీద ఇండియా అని చెక్కి ఉంది. కొత్తది ఆ తర్వాత దొరికిన అసలు సీలు చాటున ఇప్పటికీ ఏ శబ్దమూ లేకుండా తిరుగుతోంది. టైర్లు, బ్యాటరీ మొదటి రోజు నుంచీ మన దేశపువే. ఇంకా కొన్నాళ్లు వాడితే ఇందులో థాయ్‌లాండ్ ఎంత మిగులుతుందో చెప్పలేను.

మా నాన్నగారి హెచ్‌ఎంటీ ట్రాక్టరు విషయంలోనూ ఊళ్లో ఇదే వాదన నడిచింది. చెకొస్లొవేకియా జెటార్ కంపెనీ పరిజ్ఞానంతో 1971లో హెచ్‌ఎంటీవారు పింజోర్‌లో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టారు. నేరుగా దిగుమతైన జెటారే జెటారని, పింజోర్‌ది దాని నీడ మాత్రమేనని అప్పటి పెద్దలు కొందరు కొట్టిపారేసేవారు. ఆ విభాగాన్ని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది, కానీ మా పింజోర్ బండి ఇప్పటికీ చేలో నీరు తోడుతూనే ఉంది. ఇక ఈనాటి బండ్లకు దేశం పేరు తగిలించడం మరీ కష్టం. జాన్ డీర్ పుణె దగ్గర సనస్వాడిలో తయారుచేసినవి అమెరికాకు కూడా వెళుతున్నాయి. జపాన్‌లోని మిత్సుబిషి మహీంద్రా ఇంజినీర్లతో కలిసి రూపొందించి 2023లో విడుదల చేసిన మహీంద్రా ఓజా ట్రాక్టరు మన జహీరాబాద్‌లో తయారవుతోంది. దాన్ని ఏ దేశపుదనాలి?

నాకు తోచినంతవరకు, నా బండి బురదలో నిలవడానికి కారణం అది వరి మడుల కోసం గీసిన బండి కావడమే. థాయ్‌లాండ్ రైతు దిగేదీ ఇలాంటి బురదలోకే. అందుకే కొనేముందు మధ్యప్రదేశ్‌లోని బుద్ని కేంద్ర పరీక్షా సంస్థవారి నివేదిక చూడమంటాను. బండి స్వదేశీదైనా విదేశీదైనా అక్కడివారు దమ్ములో నడిపి, ఆ తర్వాత భాగాలు విప్పి, ఎక్కడెక్కడ నీరూ బురదా లోపలికి చేరాయో నమోదు చేస్తారు. హెచ్‌పీ అంకెల కన్నా మా డెల్టా వాళ్లకు ఆ పట్టికే ఎక్కువ పనికొస్తుంది.

ఇంతా మెచ్చుకున్నాక ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. మడిలో వరమైన ఆ తక్కువ బరువే ధాన్యం ట్రక్కు తగిలించి కాలువ గట్టు ఎక్కించేటప్పుడు భారమవుతుంది. ముందుభాగం తేలిపోతుంటే బరువు పలకలు వేయించాను, అయినా నిండు ట్రక్కుకు పాత హెచ్‌ఎంటీనే పంపుతున్నాను. పార్టుల కోసం ఎదురుచూపు నాకు సహించదగినదే, ఎందుకంటే రెండో బండి ఉంది, మెకానిక్ కూతవేటు దూరంలో ఉన్నాడు, రెండు సీళ్లు ఎప్పుడూ ఇంట్లో పెట్టుకుంటున్నాను. ఒక్క బండితో నెట్టుకొచ్చే రైతుకు ఇదే సలహా ఇవ్వలేను. పల్నాడులో మిరప, పత్తి వేసే మా బావమరిది ఇదే బండి కొంటానంటే వద్దన్నాను; అతనికి మెట్ట దున్నకం, తోలకం తప్ప దమ్ము లేదు. అతను కొన్న పంజాబు బండి బరువుగా, మోటుగా ఉంటుంది, దాని పార్టులు మండల కేంద్రంలోనే దొరుకుతాయి, అతనికి ఇంతవరకు ఏ ఫిర్యాదూ లేదు. నేను మాత్రం మళ్లీ కొనాల్సి వస్తే ఇదే ఇరుసున్న బండి కొంటాను, అది అప్పటికి ఎక్కడ తయారవుతున్నా సరే, స్వదేశీ బండితో ధర తేడా ఇప్పటిలాగే ఉంటే.