పాత సీరియళ్ల కోసం పాత డబ్బా టీవీ: ఆరు నెలల వాడకం తరువాత

ఈ టీవీని ఇంట్లోకి మోసుకురావడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది. 21 అంగుళాల పిక్చర్ ట్యూబ్ టీవీ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. రిమోట్ లేదు. వెనక డొక్క ఎంత పొడవంటే, బల్లను గోడకు దూరంగా జరిపితే గానీ పట్టలేదు. హాల్లో పెద్ద పలక టీవీ ఉండగా ఇదెందుకని ఇంట్లో అందరూ అడిగారు. పాత సీరియళ్లు చూడటానికన్నాను. "అవి అందులోనూ వస్తాయి కదా!" అన్నారు. వస్తాయి. ఎలా వస్తాయన్నదే నా గొడవ.

పాత కార్యక్రమాల బొమ్మ 4:3 కొలతలో, దాదాపు చతురస్రంగా ఉంటుంది. ఇప్పటి తెర 16:9. ఆ రెండు పక్కలా నల్లగా వదిలేస్తే చాలు, బొమ్మ క్షేమంగా ఉంటుంది. ఆ నలుపును చూసి ఓర్చుకోలేనివాళ్లు బొమ్మను సాగదీస్తారు, లేదా పైనా కిందా కత్తిరిస్తారు. అమెరికా హాస్య సీరియల్ 'సైన్‌ఫెల్డ్' 2021లో నెట్‌ఫ్లిక్స్‌కు వచ్చినప్పుడు ఈ కత్తిరింపు వల్లే నవ్వులపాలైంది. రోడ్డు మీది గుంత గురించిన ఎపిసోడ్‌లో, ఒక షాట్‌లో ఆ గుంతే తెర కిందికి పోయింది! డబ్బా టీవీలో ఈ తగువే లేదు. తెర ఆకారమే 4:3, బొమ్మ అంచు నుంచి అంచుకు నిండుగా కూర్చుంటుంది. ఆరు నెలల్లో ఒక్కసారి కూడా బొమ్మ కొలత మార్చే బటన్ కోసం వెతకలేదు.

స్విచ్ వేయగానే లోపల 'ధన్' మని ఒక చప్పుడు, ఆ తరువాత కొన్ని క్షణాలకు బొమ్మ మెల్లగా తేలుతుంది. ఆ కాసేపు ఎదురుచూడటం నాకు ఇష్టం. ఎపిసోడ్ అయిపోగానే తరువాతిది దానంతటదే మొదలవ్వదు. టైటిల్ సంగీతం దాటేయమని ఎవరూ అడగరు. డిస్కు తీసి పెట్టెలో పెట్టేస్తాను, ఆ రోజుకు అంతే. వారానికి ఒకటి చొప్పున చూడటానికి తీసిన కథలను రాత్రికి ఎనిమిది మింగితే ఏది ఏదో గుర్తుండదు. నాకు రోజుకు ఒకటి చాలు.

ఇక అసలు విషయం. ఈ పెట్టె అన్ని పాత కార్యక్రమాలకూ సరిపోతుందనుకుని కొన్నాను. అది నా పొరపాటు. తెలుసుకున్నది 'ది ట్విలైట్ జోన్' వల్ల. 1959లో మొదలైన ఈ నలుపు తెలుపు సీరియల్‌ను దాదాపు మొత్తం ఫిల్ము మీదే తీశారు. రెండో సీజన్‌లో మాత్రం ఖర్చు తగ్గించుకోవడానికి ఆరు ఎపిసోడ్‌లను వీడియో టేపు మీద తీశారు. ఫిల్ము ఎపిసోడ్ ఒకటి, టేపు ఎపిసోడ్ ఒకటి తీసుకుని, రెండు టీవీల్లోనూ వరసగా చూశాను. ఒక ఆదివారం మొత్తం దీనికే పోయింది.

టేపు ఎపిసోడ్ పెద్ద తెర మీద బూజు పట్టినట్టుంది. ముఖాలు పిండి బొమ్మల్లా ఉన్నాయి, అంచులు చెదిరిపోయాయి. డబ్బాలో అదే ఎపిసోడ్ కళ్లకు హాయిగా ఉంది. చిన్న తెర, దాని గీతల మెత్తదనం కలిసి ఆ లోపాలను కమ్మేశాయి. ఫిల్ము ఎపిసోడ్‌కు వచ్చేసరికి లెక్క తిరగబడింది. ఫిల్ములో ఉన్న వివరం డబ్బా తెర చూపగలిగిన దానికన్నా ఎంతో ఎక్కువ. ముఖం మీద చెమట చుక్క, గోడ మీద నీడ అంచు పెద్ద తెర మీదే కనిపించాయి. 1951లో మొదలైన హాస్య సీరియల్ 'ఐ లవ్ లూసీ'ని కూడా 35 ఎంఎం ఫిల్ము మీదే తీశారు. దాన్ని డబ్బాలో చూడటమంటే మంచి ఫొటోను గుడ్డ కప్పి చూసినట్టే.

అందుకే ఇప్పుడు కొత్త డిస్కుల సెట్ చేతికి రాగానే ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఫిల్మా, టేపా? టేపు అయితే డబ్బా. టేపు మీద తీసినవాటికి దీని పద్ధతి సహజంగా అతుకుతుంది. బేసి గీతలు ఒక విడత, సరి గీతలు ఒక విడతగా సెకనుకు 50 లేదా 60 విడతల్లో ఇది బొమ్మ గీస్తుంది, ఆ కెమెరాలూ అలాగే పట్టేవి. పలక టీవీ ఆ రెండు విడతలనూ కలిపి కుట్టబోతుంది. కుట్టు సరిగా పడకపోతే, చేయి ఊపిన మనిషి వేళ్లు దువ్వెన పళ్లలా చీలిపోతాయి. ఫిల్ము అయితే పెద్ద తెర, కానీ కదలికలను నునుపు చేసే సెట్టింగ్‌ను ఆపేశాకే. అది ఉంటే ఫిల్ము కూడా నిన్న తీసిన వీడియోలా జారిపోతుంది.

లోపాలు తక్కువేమీ కాదు. మూలల్లో తెల్లని అక్షరాల చుట్టూ ఎరుపు, నీలం అంచులు పడతాయి. నలుపు తెలుపు బొమ్మలో అవి మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. బొమ్మ అంచు కొంత చట్రం వెనక్కి పోతుంది, సబ్‌టైటిల్ చివరి అక్షరం ఒక్కోసారి దానితో పాటే. స్ట్రీమింగ్ పెట్టెను తగిలించాలని ఒక కన్వర్టర్ కొన్నాను. వెడల్పు బొమ్మను తెచ్చి చదరపు తెరలో ఇరికించింది, పాత్రలన్నీ తాటిచెట్లలా సాగాయి. సెట్టింగ్ మార్చితే నాలుగు వైపులా నలుపు, మధ్యలో తపాలా బిళ్లంత బొమ్మ. కన్వర్టర్ ఇప్పుడు సొరుగులో ఉంది. ఈ టీవీకి పసుపు, ఎరుపు, తెలుపు తీగలున్న పాత డీవీడీ ప్లేయరే తోడు. అందులో టీవీ రకం 4:3 అని ఎంచుకోవడం మరవకండి, మొదటి వారం నేను మరిచాను.

మూత మాత్రం విప్పకండి. ట్యూబుకు ఇరవై వేల వోల్టులకు పైగా వెళుతుంది, ఆపేశాక కూడా కొంత నిలిచి ఉంటుంది. బాగుచేయగలిగినవాళ్లను కొనకముందే వెతికి పెట్టుకోవడం మేలు.

మరొకటి. పెట్టె నడుస్తున్నంతసేపూ సన్నగా కీచుమంటూనే ఉంటుందట. ఆ మోత 15 వేల హెర్ట్జ్‌కు పైన ఉంటుంది కాబట్టి నా వయసు చెవులకు అందదు. పదమూడేళ్ల మా అమ్మాయికి మాత్రం పక్క గదిలో ఉన్నా వినిపిస్తుంది. అది బడికి వెళ్లాకే డబ్బా ఆన్ చేస్తున్నాను.