జాగ్రత్త: శాంపిల్ ఫోటోలన్నీ ఎఫ్/1.4లోనే ఉంటే ఆ పాత లెన్స్ తొందరపడి కొనకండి

సెకండ్ హ్యాండ్‌లో 50 ఎంఎం ఎఫ్/1.4 లెన్స్ కొని దెబ్బతిన్నాను. (ఎఫ్ నంబరు లెన్స్ లోపలి రంధ్రం ఎంత తెరుచుకుందో చెబుతుంది. నంబరు చిన్నదైతే రంధ్రం పెద్దది, వెలుతురు ఎక్కువ, వెనకభాగం మసక.) డీఎస్ఎల్ఆర్ కెమెరా వాడుతూ ఇలాంటి ప్రైమ్ (జూమ్ లేని) లెన్స్ కోసం వెతుకుతున్నవాళ్లు ఉంటే, డబ్బు పంపే ముందు ఇది చదవండి.

అమ్మినాయన ఆరు శాంపిల్ ఫోటోలు పంపాడు. అన్నీ పోర్ట్రెయిట్లే. కళ్లు షార్ప్‌గా ఉన్నాయి, వెనకంతా వెన్నలా కరిగిపోయింది. చూడగానే పడిపోయాను. లెన్స్ చేతికొచ్చాక టార్చ్ వేసి చూశాను. ఫంగస్ లేదు, గీతల్లేవు. మా పాపని కిటికీ దగ్గర కూర్చోబెట్టి 1.4లో నాలుగు తీస్తే బ్రహ్మాండంగా వచ్చాయి. "లెన్స్ చాలా బాగుందండీ" అని మెసేజ్ కూడా పెట్టేశాను. తర్వాత ఆ మెసేజే నా మెడకు చుట్టుకుంది.

వారం తర్వాత, పట్టపగలు, బయట గ్రూప్ ఫోటో. పన్నెండు మంది, రెండు వరుసలు. 1.4లో తీస్తే ఒక వరుసే ఫోకస్‌లో ఉంటుంది కాబట్టి ఎఫ్/8 పెట్టాను. మొదటి ఫ్రేములో మొహాలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా వచ్చాయి. రెండోది కాస్త నయం. మూడోది సరిగ్గా ఉంది. నాలుగోది మళ్లీ తెలుపు. నేను సెట్టింగ్ ఒక్కటీ కదపలేదు. కెమెరా పోయిందేమోనని టెన్షన్ పట్టుకుంది. కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్స్ తగిలించి అదే ఎఫ్/8లో పది తీస్తే పదీ ఒకేలా వచ్చాయి.

అప్పుడు వెలిగింది. డీఎస్ఎల్ఆర్ లెన్స్‌లో అపర్చర్ బ్లేడ్లు (ఆ రంధ్రాన్ని చిన్నది చేసే రేకులు) మామూలుగా పూర్తిగా తెరుచుకునే ఉంటాయి, వ్యూఫైండర్‌లో వెలుతురు ఉండాలని. షట్టర్ నొక్కాకే మనం పెట్టిన నంబరు దాకా టక్కున మూసుకుని, ఫోటో అవగానే మళ్లీ తెరుచుకుంటాయి. 1.4లో తీసినంత సేపూ వాటికి అసలు పనే లేదు! నా లెన్స్‌లో లోపలి గ్రీజు నుంచి నూనె ఊరి బ్లేడ్లకి అంటుకుంది. ఆ జిడ్డుకి అవి ఒకసారి మూసుకుంటాయి, ఒకసారి మధ్యలో ఆగిపోతాయి. 1.4కీ 8కీ మధ్య 5 స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది), అంటే వెలుతురులో 32 రెట్ల తేడా. దారిలో ఎఫ్/4 దగ్గర ఆగినా 4 రెట్లు ఎక్కువ పడుతుంది. ఎండలో తెల్లబడక ఏమవుతుంది? రిపేరు చేసేవాళ్లు చెప్పిందేమంటే, వేడిలో ఉంచేసిన లెన్స్‌లకి ఈ జబ్బు ఎక్కువట.

అమ్మినాయన్ని అడిగితే ముందు "మీ కెమెరాలోనే ఏదో ఉంది" అన్నాడు. కిట్ లెన్స్ సంగతి చెబితే, బాగుందని నేను పెట్టిన మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి నాకే పంపాడు. ఆ తర్వాత రిప్లై లేదు.

కాబట్టి లెన్స్ చేతిలోకి తీసుకోగానే మాన్యువల్ మోడ్‌లో ఎఫ్/11 పెట్టి, ఖాళీ గోడని బర్స్ట్‌లో (ఆపకుండా వరసగా) పది ఫ్రేములు కొట్టండి. ట్యూబ్‌లైట్ కింద వద్దు, దాని మినుకుకే వెలుతురు మారుతుంది. పగటి వెలుతురులో చూడండి. పదింటిలో ఒక్కటి తెల్లగా వచ్చినా వదిలేయండి. కెమెరాకి డెప్త్ ప్రివ్యూ బటన్ (నొక్కితే ఫోటో తీయకుండానే బ్లేడ్లు మూసుకుంటాయి) ఉంటే అది నొక్కిపట్టి ముందు నుంచి లోపలికి చూడండి. బ్లేడ్ల మీద తడిసినట్టు మెరుపు కనిపిస్తే అది నూనే. దూరం నుంచి కొంటుంటే ఎఫ్/8లో, ఎఫ్/11లో వరసగా తీసిన ఒరిజినల్ ఫైళ్లు అడగండి. ఇవ్వడానికి నసిగితే విషయం అర్థమైపోతుంది. నేను ఆ ఆరు ఫోటోల వివరాలు తెరిచి చూసింది మోసపోయాకే. ఆరూ 1.4లో తీసినవే.

లెన్స్ ఇప్పుడు విప్పి శుభ్రం చేయడానికి ఇచ్చాను. మొన్న అదే అకౌంట్‌లో 85 ఎంఎం ఒకటి అమ్మకానికి పెట్టారు. ఈసారి శాంపిళ్లు ఎనిమిది. ఒక్కదాంట్లో కూడా వెనకాల ఏముందో కనిపించడం లేదు.