పదహారు సిలిండర్ల బండికి తెరుచుకోని మూత

బీసెంట్ రోడ్డులోని ఒక బొమ్మల దుకాణంలో చెప్పి తెప్పించుకున్న, చిజేటా వి16టి అనే ఇటలీ కారు నమూనా గురించి రాస్తున్నాను. 1:18 కొలత (అసలు బండిలో పద్దెనిమిదో వంతు), రెసిన్ పోత, ధర ఎనిమిది వేల పైమాటే. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు విప్పి బిగించేవాడికి ఇంత ఖరీదైన బొమ్మ ఎందుకని మా ఇంట్లో అడిగారు. ఇంజను కోసమే. తీరా చూస్తే వెనక మూత తెరుచుకోదు!

అసలు బండిలో ఉన్నదంతా ఆ మూత కిందే. పదహారు సిలిండర్లు, దాదాపు ఆరు లీటర్లు, అరవై నాలుగు వాల్వులు, వాటిని తెరిచే ఎనిమిది క్యామ్‌షాఫ్టులు, 540 గుర్రాల బలం. ఇంత పొడవు ఇంజనును సీట్ల వెనక అడ్డంగా పెట్టారు. ఇంజను శక్తితో తిరిగే ఇరుసు, అంటే క్రాంకు, పొడవు పెరిగితే మెలిక పడుతుందని మా షెడ్డులో కుర్రాళ్లకు కూడా తెలుసు. అందుకే శక్తిని క్రాంకు చివర నుంచి కాకుండా నడిమధ్య నుంచి పళ్లచక్రాలతో తీసి, వెనక బండి పొడవు వెంట ఉన్న గేరుబాక్సుకు ఇచ్చారు. ఇంజను అడ్డగీత, గేరుబాక్సు నిలువుగీత. పేరు చివరి ఇంగ్లీషు ‘టి’ (T) ఆ ఆకారమే. ఈ పని నేను ఏ లారీలోనూ చూడలేదు, చూడను కూడా.

ఈ బండిని తలపెట్టిన క్లాడియో జాంపొల్లి ఒకప్పుడు లంబోర్గినీలో పనిచేసి, తర్వాత లాస్ ఏంజెలెస్‌లో ఇటలీ కార్ల మరమ్మతులు చూసుకున్నాడు. డబ్బు పెట్టినవాడు మూడు ఆస్కార్లు గెలిచిన సంగీత దర్శకుడు జార్జో మొరోడర్. మన సినిమా సంగీత దర్శకుడెవరో ఆటోనగర్‌కు వచ్చి ఛాసిస్ కట్టించినట్టన్నమాట. 1988లో మొదటి బండి చూపించారు, 1990లో మొరోడర్ తప్పుకున్నాడు. పట్టుమని పాతిక బళ్లయినా తయారు కాలేదు. చిజేటా, మొరోడర్ అన్న రెండు పేర్లూ కలిసి ఉన్నది ఆ మొదటి తెల్ల బండి మీద మాత్రమే. 2022 వేలంలో దానికి 13 లక్షల డాలర్లు దాటింది. నా నమూనా కూడా తెలుపే, దాని మీద రెండు పేర్లూ ఉన్నాయి. ఇక్కడ తయారీదారుకు దండం పెట్టాలి.

ఆకారం బాగా కుదిరింది. లంబోర్గినీ డయాబ్లో కారు కోసం రూపకర్త మార్చెల్లో గాందీనీ వేసిన గీతలను, అప్పటి లంబోర్గినీ యజమానులు క్రైస్లర్ వాళ్లు మెత్తబరిస్తే, ఆయన తన మొదటి గీతలను జాంపొల్లికి ఇచ్చాడు. ఆ పదును నమూనాలో అలాగే ఉంది. అసలు బండి వెడల్పు రెండు మీటర్లకు పైనే, ఇంజను అడ్డంగా పడుకుంది కదా! కొలిచే వెర్నియర్ పెడితే నమూనా వెడల్పు 114 మిల్లీమీటర్లు వచ్చింది. లెక్క సరిపోయింది. పక్కకు రెండు చొప్పున, ఒకదాని మీద ఒకటిగా పైకి లేచే దీపాలు మాత్రం ఇందులో మూసుకునే ఉంటాయి. తలుపులూ అంతే.

రంగు నున్నగా ఉంది, చక్రాలు తిరుగుతాయి. ఒక పక్క అద్దం జిగురు ఊడి డబ్బాలోనే పడి ఉంది. డబ్బా విప్పాక వెనక్కి తీసుకునేది లేదని దుకాణంవాడు అన్నాడు. నేనే అతికించుకున్నాను.

అల్మారాలో పెట్టి చూసుకునేవారికి అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఇంజను చూద్దామనుకునేవారికి రెండే. ఏదైనా సరే, కౌంటరు దగ్గరే డబ్బా తెరిపించి, రెండు అద్దాలూ ఉన్నాయని చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.