ఆరు డిసెంబర్లు, డాలస్ ఐస్ రింకులు: మా అనుభవం

ఆరేళ్ళుగా క్రిస్మస్ సెలవుల్లో పిల్లల్ని తీసుకుని డాలస్ చుట్టుపక్కల ఐస్ రింకులకి, అంటే మంచు మీద స్కేటింగ్ చేసే చోట్లకి, వెళ్తున్నాం. మొదటి ఏడాది బల్లిలా గోడకి అతుక్కుపోయినవాణ్ణి, ఇప్పుడు పడకుండా పది రౌండ్లు కొడతాను. వెనక్కి స్కేట్ చేయడం మాత్రం ఇంకా రాలేదు.

గలేరియా మాల్‌లోని రింకు చూడ్డానికి కన్నులపండువ. పైన గాజు కప్పు, మంచు మధ్యలో 95 అడుగుల క్రిస్మస్ చెట్టు. ఇబ్బందల్లా, షాపింగ్‌కి వచ్చినవాళ్ళంతా పై అంతస్తుల్లోంచి చూస్తుంటారు, పడ్డామా, అందరి కళ్ళూ మన మీదే. ఫొటోలకి అక్కడికే వెళ్ళండి. నేర్చుకోవడానికైతే ఫ్రిస్కో, ప్లేనోల్లోని స్టార్‌సెంటర్ రింకులు నయం. హాకీ కోసం కట్టినవి కాబట్టి చోటు ఎక్కువ. కాకపోతే హాకీ క్లాసుల మధ్య ఖాళీ దొరికినప్పుడే పబ్లిక్ సెషన్ పెడతారు, టైము చూసుకోకుండా బయల్దేరకండి.

అసలు కిటుకంతా లేసుల్లో ఉంది. స్కేట్స్ (కింద బ్లేడు ఉండే బూట్లు) మామూలు బూట్ల కన్నా ఒక సైజు తక్కువ అడగండి. చలికి భయపడి రెండు జతల సాక్స్ వేసుకుంటే కాలు లోపల జారుతుంది, ఒక్క జత చాలు. వేళ్ళ దగ్గర కాస్త వదులుగా, చీలమండ దగ్గర గట్టిగా బిగించాలి. లేచి నిలబడ్డప్పుడు మడమ పైకి లేస్తోందంటే విప్పి మళ్ళీ కట్టాల్సిందే. ఒకచోట పదును పోయిన అద్దె స్కేట్స్ ఇచ్చారు. మూడుసార్లు మార్చుకునేసరికి సగం సెషన్ అక్కడే అయిపోయింది.

రద్దీ రోజుల్లో పొద్దున్న మొదటి సెషనే మేలు. మధ్యాహ్నానికి మంచు నిండా గీతలు, పొడి. అప్పుడు జాంబోనీ బండి వచ్చి పైపొర గీకి, వేడినీళ్ళు పరుస్తూ పోతుంది. విజయవాడ నుంచి వచ్చిన మా అమ్మ శాలువా కప్పుకుని బెంచీ మీంచి చూస్తూ, "మంచు మీద వేడినీళ్ళేంట్రా, పిచ్చా?" అంది. ఆ వేడికి పైన కాస్త కరిగి, కింది మంచుతో కలిసి నున్నగా గడ్డకడుతుందని చెప్పాను. నమ్మలేదు.

పడితే వేళ్ళు చాపి మంచు మీద ఉంచొద్దు, వెంటనే పిడికిలి బిగించండి. వెనక వచ్చేవాళ్ళ బ్లేడుతో ప్రమాదం. ఇది పిల్లలకి మంచు మీద కాలు పెట్టకముందే చెప్పాలి.

ఈ ఏడు పెద్దమ్మాయికి సొంత స్కేట్స్ కొన్నాం. నాకింకా అద్దెవే.