స్కైలాబ్ పడే రాత్రి: అమెరికా శిబిరమా, మన పల్లెటూరా?

వేసవి సెలవుల్లో నలుగురం కలిసి చూడటానికి ఒక నవ్వుల సినిమా చెప్పమని హైదరాబాద్ మిత్రులు అడిగితే నాకు రెండు పేర్లు తడతాయి. ఒకటి 2001 నాటి అమెరికన్ సినిమా ‘వెట్ హాట్ అమెరికన్ సమ్మర్’. రెండోది 2021 డిసెంబరులో వచ్చిన మన ‘స్కైలాబ్’. ఒకటి అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పిల్లల వేసవి శిబిరంలో జరుగుతుంది, మరొకటి 1979లో కరీంనగర్ జిల్లా బండలింగంపల్లిలో. రెండింటిలోనూ కథ ఒక్కరి చుట్టూ తిరగదు. రెండింటి నెత్తిన ఉన్న గండం మాత్రం ఒక్కటే: ఆకాశం నుంచి రాలిపడే అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్.

అమెరికన్ సినిమా మనకు మొదట కొత్తగా తోస్తుంది. ఇక్కడ వేసవి శిబిరమంటే పిల్లలు పొద్దున్నే పబ్లిక్ గార్డెన్స్‌లోని బాలభవన్‌కో, ఈతకొలనుకో వెళ్లి ఎండ ముదిరేలోపు ఇల్లు చేరడమే. అక్కడ వారాల తరబడి అడవిలో, చెరువు గట్టున ఉండిపోతారు. వాళ్లను చూసుకునేది కాస్త పెద్ద వయసు కుర్రకారు. ఆ కుర్రకారు ప్రేమలు, అలకలే కథ. అదీ ఒకే రోజులో, 1981 ఆగస్టు 18న, శిబిరం ఆఖరి రోజున.

భోజనశాల సన్నివేశం ఒక్కటి చూస్తే చాలు. ఆండీ అనే కుర్రవాడు పళ్లెం కింద పడేస్తాడు, తీయమంటుంది నిర్వాహకురాలు. వంగి తీయాల్సిన ఆ చిన్న పనికి ఆండీ వేషం వేసిన పాల్ రడ్ ఒళ్లంతా మెలికలు తిప్పుతాడు, మూలుగుతాడు, నిట్టూరుస్తాడు, కాళ్లీడుస్తాడు. ఇంట్లో పదహారేళ్ల పిల్లవాడున్న ఎవరికైనా కడుపుబ్బ నవ్వొస్తుంది. వంటవాడు జీన్‌కు ఒక కూరగాయల డబ్బా మాట్లాడుతూ హితబోధ చేస్తుంది! దర్శకుడు డేవిడ్ వెయిన్ ఇంతటి వింతను కూడా ఏ సంజాయిషీ లేకుండా నడిపిస్తాడు. బ్రాడ్లీ కూపర్‌కు ఇదే తొలి సినిమా. అప్పట్లో థియేటర్లలో జనం పట్టించుకోలేదు, అభిమానులు తర్వాత పెరిగారు.

మన ‘స్కైలాబ్’ బలం వేరు. అసలు స్కైలాబ్ 1979 జులై 11న హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో ముక్కలై పడింది. అమెరికన్ సినిమాకు ఆ తేదీ పట్టదు, రెండేళ్ల తర్వాత కూడా ఒక ముక్కను శిబిరం మీదికి దింపుతుంది. మనవాళ్లకు అది నిజంగా అనుభవించిన భయం. ఎలాగూ పోతామని కోళ్లనూ మేకలనూ కోసుకు తిన్నారన్న ముచ్చట పెద్దవాళ్ల నోట ఇప్పటికీ వినపడుతుంది. అందుకే ఆ నవ్వు వెనుక జనం ప్రాణభయం ఉంటుంది. రచయిత్రి కావాలని తపించే గౌరిగా నిత్యా మేనన్, పట్నం నుంచి వచ్చిన డాక్టరుగా సత్యదేవ్, అప్పుల్లో మునిగిన సుబేదార్ రామారావుగా రాహుల్ రామకృష్ణ ముగ్గురూ నమ్మించారు. అయితే వాళ్ల దారులు కలవడానికి చాలాసేపు పడుతుంది, మొదటి సగం నెమ్మది. పైగా ఆ ముగ్గురినీ దాటితే తక్కిన ఊరు జనసమూహంగానే మిగిలిపోయింది.

అందుకే పదిమంది కలిసి పండించే హాస్యమే కావాలంటే నా ఓటు అమెరికన్ సినిమాకే. అక్కడ రెండు మాటలున్న పాత్రకు కూడా సొంత పిచ్చి ఉంటుంది. కానీ అందులో శృంగార సన్నివేశాలు, మత్తుమందుల హాస్యం ఉన్నాయి కాబట్టి పిల్లలూ పెద్దలూ పక్కనుంటే పెట్టనే వద్దు. తాతయ్య, అమ్మమ్మ ఉన్న ఇంట్లో ‘స్కైలాబ్’ వేయండి. మధ్యలో ఆపి వాళ్ల జ్ఞాపకాలు అడగండి, సినిమా రెట్టింపు రుచిస్తుంది.

అమెరికన్ శిబిరం నచ్చితే 2015లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఎనిమిది భాగాల సిరీస్ కూడా ఉంది. కథ సినిమాకు ముందు జరిగేదైనా ముందుగా చూడకండి. పద్నాలుగేళ్లు ముదిరిన అవే ముఖాలు మరింత చిన్నపిల్లల్లా నటించడమే అందులోని తమాషా, అది సినిమా చూసినవారికే అందుతుంది. 2017లో వచ్చిన తరువాయి కథలో బ్రాడ్లీ కూపర్ లేడు, ఆయన పాత్రను ఆడమ్ స్కాట్ పోషించాడు. దాన్ని వదిలేసినా ఏమీ పోదు.